ఆ ముంగారుకి ‘ది’ పెట్టాలా?

2023 ఆగస్టు సంగతి ఇది. వరలక్ష్మీ వ్రతం ముందు వారం. ఇల్లంతా దులిపి, సామాన్లన్నీ వరండాలో పెట్టుకుని నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మా చిన్నది బడి నుంచి వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా, ఇంగ్లీషు నోట్సు తీసి నా ముందర పడేసింది.

“చూడు. అర మార్కు పోయింది. నువ్వు చెప్పినందుకే.”

చూశాను. సీజన్స్ మీద పది వాక్యాలు రాసుకు రమ్మన్నారట. మూడో వాక్యం ఇది: ఇన్ ది సమ్మర్ వుయ్ గో టు మై గ్రాండ్‌ఫాదర్స్ విలేజ్. ఆ ‘ది’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అడ్డంగా కొట్టేసి ఉంది. ముందు రోజు రాత్రి అది “మా, సమ్మర్ ముందర ‘ది’ పెట్టాల్నా, వద్దా?” అని అడిగితే, దోసెపిండి గిన్నెలోకి తోడుకుంటూ “పెట్టు, బాగుంటాది” అన్నది నేనే. కూరలో ఉప్పు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పేశాను.

“రాకపోతే రాదని చెప్పొచ్చు కదమ్మా” అంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. “ఇంగ్లీషు రాకే కదా నువ్వు ఇంటర్‌తో చదువు మానేసినావు” అని కూడా అనేసి, మొహం కడుక్కోవడానికి పోయింది.

కోపం రాలేదంటే అబద్ధం. కానీ దాన్ని తిట్టడానికి నాకు నోరు లేదు. ఆ మాట దానికి నేర్పింది నేనే. “నువ్వేంటికి డిగ్రీ చదవలేదు మా?” అని పిల్లలిద్దరూ ఎప్పుడడిగినా “నాకు ఇంగ్లీషంటే భయం, అందుకే మానేసినా” అని నవ్వేసేదాన్ని. చెప్పీ చెప్పీ నాకే అది నిజమనిపించే దాకా వచ్చింది. ఎందుకట్లా చెప్పానో తర్వాత చెబుతాను. ముందు ఆ ‘ది’ సంగతి తేల్చుకోవాలి కదా.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక మా అబ్బాయి ఇంటర్ గ్రామరు పుస్తకం, వాడి డిక్షనరీ, నా ఫోను ముందేసుకుని కూర్చున్నాను. మీ ఇంట్లోనూ పిల్లలుంటే పనికొస్తుందని, నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

కాలం పేరుని మామూలుగా, ఏ ఏడాదికైనా సరిపోయేట్టు చెబితే ‘ది’ అక్కర్లేదు. ఐ లైక్ వింటర్. సమ్మర్ ఈజ్ హాట్. కానీ ముందర ‘ఇన్’ వచ్చిందనుకోండి, రెండూ చెల్లుతాయి. ఇన్ సమ్మర్ అన్నా సరే, ఇన్ ది సమ్మర్ అన్నా సరే. అమెరికా వాళ్ళు ఆకురాలు కాలాన్ని ఫాల్ అంటారు కదా, దానికైతే ఇన్ ది ఫాల్ అనడమే వాళ్ళకి అలవాటు. అంటే మా చిన్నది రాసింది తప్పు కాదు. సీజన్ల పేర్లకి ‘ది’ రాదు అని టీచరమ్మ చెప్పిన సూత్రంలోనూ సగం నిజం ఉంది.

‘ది’ తప్పకుండా పెట్టాల్సిన చోటు ఒకటుంది. ఫలానా కాలం అని గుర్తు చెప్పినప్పుడు. ది సమ్మర్ ఆఫ్ 2015. ది వింటర్ వుయ్ షిఫ్టెడ్ టు దిస్ హౌస్. ఇట్లాంటి చోట ‘ది’ లేకపోతే వాక్యం కుంటుతుంది. లాస్ట్ సమ్మర్, దిస్ వింటర్, ఎవ్రీ సమ్మర్ అన్నప్పుడు మాత్రం వద్దు. ఏ కాలమో ఆ ముందున్న మాటే చెప్పేస్తుంది. ఇంకొకటి, నెలల పేర్లకీ వారాల పేర్లకీ పెద్ద అక్షరం పెడతాం గానీ, వాక్యం మధ్యలో కాలాల పేర్లకి చిన్న అక్షరమే. మా చిన్నది సమ్మర్‌కి పెద్ద ఎస్ పెట్టింది. దానికి ఎవరూ సున్నా చుట్టలేదు!

అన్నిటికన్నా తమాషా మన వానాకాలం సంగతి. స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ నాలుగూ ఇంగ్లీషు వాళ్ళ ఇంటి పిల్లలు. పేరు పెట్టి పిలిస్తే చాలు, పలుకుతాయి. వానాకాలానికి వాళ్ళ దగ్గర అట్లా ఒంటి పేరు లేదు. ఏడాది పొడుగునా వాన పడే దేశానికి వానకని వేరే కాలం ఏముంటుంది? అందుకని దాన్ని ది రెయినీ సీజన్ అనాలి, లేదా ది మాన్‌సూన్ అనాలి. ఇక్కడ మామూలుగా చెప్పినా ‘ది’ ఉండాల్సిందే. మా చిన్నది ఎనిమిదో వాక్యంలో రెయినీ సీజన్ కమ్స్ ఇన్ జూన్ అని ‘ది’ లేకుండా రాసింది. దాని పక్కన చక్కగా టిక్కు పడింది. సమ్మర్ దగ్గర పోయిన అర మార్కు వానాకాలంలో దొరికిందన్నమాట! అందుకే బడికి పోయి అడగదలచుకోలేదు.

మాటల వెంట పడితే నిద్ర పట్టదు నాకు. మాన్‌సూన్ అసలు ఇంగ్లీషు మాటే కాదట. అరబ్బీలో మౌసిమ్ అంటే కాలం. హిందీలో మనం వినే మౌసమ్ కూడా అదే. అది పోర్చుగీసు నావికుల నోట్లో పడి తిరిగి తిరిగి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ లెక్కన టీవీలో మాన్‌సూన్ సీజన్ అన్నప్పుడల్లా వాళ్ళు కాలం కాలం అంటున్నట్టే. సీజన్ అనే మాట పుట్టుక చూస్తే ఇంకా ఆశ్చర్యం. లాటిన్‌లో దానికి మూలమైన మాటకి విత్తడం అని అర్థం. అంటే సీజన్ అంటే మొదట్లో విత్తే కాలమే! మా నాయనకి ఈ సంగతి చెబితే “మరి ఇంకేముంటాది?” అంటాడు.

మా నాయనకి కాలాలంటే రెండే. ముంగారు, హింగారు. ఉరవకొండ నుంచి బళ్ళారి దూరం కాదు, అందుకని కన్నడం వాళ్ళూ మేమూ ఈ మాటలు కలిసే వాడుకుంటాం. ముందొచ్చే వానల కారు ముంగారు, వెనకొచ్చేది హింగారు. ముంగారులో ఎర్రనేలల్లో శెనక్కాయ, హింగారులో నల్లరేగడిలో పప్పుశెనగ. ఎండాకాలం ఆయన లెక్కలో కాలమే కాదు, రెండు కాలాల మధ్య ఎదురుచూపు. క్యాలెండరులో జూన్, జూలై అని మనం చూసుకుంటాం. ఆయన మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని కార్తెలు లెక్కపెడతాడు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు.

బడి పుస్తకంలో ఉన్న ఆరు ఋతువులు మా ఊరి దాకా రావు. పడమటి కొండలు నైరుతి మేఘాల్ని అవతలే పిండేసుకుంటాయి. ఈశాన్యం వానలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతాయి. ఉమ్మడి జిల్లా మొత్తానికి ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో జైసల్మేరు తర్వాత మాదే అని అందరూ చెప్పుకునే మాట. అది కూడా పడాల్సినప్పుడు పడితే ఏదో ఒకటి పండుతుంది. విత్తే పదునుకి పడి, శెనక్కాయ ఊడలు దిగే వేళకి మొహం చాటేసిందా, ఇంక అంతే.

ఇంతకీ తెలుగులో ‘ది’ లేదు కదా, మరి మనం ఫలానా కాలం అని ఎట్లా చెబుతాం? అది ఆలోచిస్తుంటే తట్టింది. మనం పేరు పెడతాం. మన తెలుగు సంవత్సరాలకి అరవై పేర్లున్నాయి కదా. 1876లో మొదలైన కరువుని సీమలో ఇప్పటికీ ధాత కరువు అంటారు, అది ధాత సంవత్సరంలో వచ్చింది కాబట్టి. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్నే ది గ్రేట్ ఫామిన్ అని రాశారు. గంజి కేంద్రాలు పెట్టిన కరువుకి గంజి కరువని పేరు. పేరు పెట్టేంత పెద్దది కాకపోతే, ఒక చిన్న మాట తగిలిస్తాం. ‘ఆ’. ఆ కరువు, ఆ ఏడు, ఆ ముంగారు. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ ఇద్దరికీ తెలిసి ఉంటేనే ‘ఆ’ పనిచేస్తుంది. ఒక్కరికే తెలిస్తే వినేవాళ్ళు “ఏది?” అంటారు. ఇంగ్లీషు ‘ది’ చేసే పనీ దాదాపు ఇదే అని నాకప్పుడు అర్థమైంది. గ్రామరు పుస్తకం మూసేసి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా నాయన దిగాడు. బ్యాంకులో పంట రుణం రెన్యువల్ చేయించుకోవడానికి ఊరి నుంచి మొదటి బస్సుకి వచ్చాడు. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. అధికం పోయి నిజ శ్రావణం మొదలైనా ఆకాశంలో తడి లేదు. దేశం మొత్తం మీద నూరేళ్ళకి పైగా అంత వాన లేని ఆగస్టు చూడలేదని తర్వాత వార్తల్లో చెప్పారు. జూలైలో విత్తిన శెనక్కాయ పూత మీద ఉంది. పొద్దెక్కేసరికి ఆకు ముడుచుకుంటోందని, సాయంత్రానికి మళ్ళీ తేరుకుంటోందని, ఇంకో వారమైతే తేరుకోదని చెప్పాడు. చెబుతూ ఉప్మా పళ్ళెంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

మా చిన్నది బడికి జడ వేయించుకుంటూ, తాతని నవ్విద్దామనుకుందో ఏమో, నోట్సు తెచ్చి చూపించింది. “చూడు తాతా, మా అమ్మ చెప్పినట్టు రాస్తే అర మార్కు పోయింది. అమ్మకి ఇంగ్లీషు రాదు కదా.”

మా నాయన పళ్ళెం కింద పెట్టాడు.

“ఎవురు చెప్పినారు మీ అమ్మకి ఇంగ్లీషు రాదని? ఇంటర్‌లో మీ అమ్మకి ఇంగ్లీషులో 79 వచ్చినాయి. నూటికి. కాలేజీలో తెలుగు మీడియం పిల్లోళ్ళలో అంత ఎవురికీ రాలేదు. లెక్చరరు సారు నన్ను పిలిచి మరీ చెప్పినాడు. ఆ ముంగారు గనక...”

అక్కడ ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేను జడ వైపు చూశాను.

“ఏ ముంగారు తాతా?” అంది అది.

“బ్యాంకు తెరిచేస్తారు, టైమైంది” అని లేచి, మంచినీళ్ళు అడిగి తాగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. బ్యాంకు తెరవడానికి ఇంకా గంటన్నర టైముంది.

ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత కూడా నా మార్కులు ఆయనకి అంకెతో సహా గుర్తున్నాయని నాకు తెలీదు. నాకే సరిగ్గా గుర్తు లేదు.

చిన్నది అడ్డంగా కూర్చుంది. “ఏ ముంగారో చెప్తేనే బడికి పోతా” అంది. చెప్పడానికి పది నిమిషాలే ఉంది. పది నిమిషాలు చాలింది కూడా.

2002లో నేను ఇంటర్ పాసయ్యాను. అనంతపురంలో డిగ్రీ చేరాలని దరఖాస్తు తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో మా ఊరి నుంచి ఆడపిల్ల హాస్టల్లో ఉండి డిగ్రీ చదవడమంటే చిన్న సంగతి కాదు. మా అవ్వ ఒద్దంది. నాయన ఒప్పుకున్నాడు. “పదునుకి ఒక వాన పడనీ. విత్తనం వేసేసి వచ్చి ఫీజు కడతా” అన్నాడు. జూన్‌లో ఒక వాన పడింది. విత్తాడు. అప్పు చేసి కొన్న విత్తనం. మొలక వచ్చింది. తర్వాత జూలై నెలంతా చుక్క లేదు. ఒక్క మా ఊళ్ళోనే కాదు, ఆ జూలైలో దేశంలో పడాల్సిన వానలో సగమే పడింది. మాకా సంగతి అప్పుడు తెలీదు. మా చేను ఎండిపోవడమే మాకు కనబడింది. గాలి మాత్రం ఆగలేదు. మా ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో ఈ వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మొలక చుట్టూ మట్టి లేచిపోయేది.

మళ్ళీ ఒక చిన్న వాన పడితే నాయన ఇంకోసారి అప్పు చేసి విత్తాడు. అదీ పోయింది. కాలేజీలో చేరడానికి ఆఖరి తేదీ ఉన్న వారంలో ఎద్దుల్ని సంతకి తోలుకుపోయాడు. నా ఫీజు కోసమే అమ్ముతున్నాడని నేను అనుకున్నాను. ఆ డబ్బు విత్తనాల అప్పుకే చాల్లేదు. ఆ రాత్రి ఆయన ఖాళీ పలుపు తాళ్ళు తెచ్చి గుంజకి కట్టి, దాని పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. నేను దరఖాస్తు కాగితం ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టేశాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. తర్వాత అమ్మా నాయనా బిల్డింగ్ పనికి బెంగళూరు వెళ్ళారు. ఉగాదికి తిరిగొచ్చారు. ఆ ఆరేడు నెలలూ నేను ఇంట్లో అవ్వకీ తమ్ముడికీ వండిపెడుతూ ఉన్నాను. అదీ ఆ ముంగారు.

“మరి ఇంగ్లీషంటే భయం అని ఎందుకు చెప్పినావు?” అంది.

పెళ్ళిచూపులప్పుడు మగపెళ్ళివాళ్ళ తరఫు పెద్దాయన ఒకరు “మార్కులు బాగా వచ్చినాయి కదా, ఏంటికి చదివించలేదు?” అని మా నాయన్ని అడిగారు. తప్పుగా అడగలేదు, మామూలుగానే అడిగారు. నాయన తల వంచుకుని చాప వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తల అట్లా వంగి ఉండటం నేను చూడలేకపోయాను. “నాకే ఇష్టం లేదండీ. ఇంగ్లీషంటే భయం, అందుకే మానేసినా” అన్నాను. అందరూ నవ్వారు. మా నాయన నవ్వలేదు, కాదని కూడా అనలేదు. ఆ రోజు నుంచీ ఆ మాట అట్లాగే ఉండిపోయింది. మా ఆయనకి పెళ్ళయిన తర్వాత చెప్పాను. పిల్లలకి చెబితే వాళ్ళు ఎప్పుడో ఒకరోజు తాతని అడుగుతారని చెప్పలేదు.

చిన్నది ఏమీ మాట్లాడలేదు. రిబ్బను తనే కట్టుకుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి అడిగింది:

“మా, దానికి ‘ది’ వస్తాదా?”

“దేనికి?”

“ఆ ముంగారుకి. ది మాన్‌సూన్ ఆఫ్ 2002 అని రాయాల్నా?”

“వస్తాది. దానికి తప్పకుండా వస్తాది” అన్నాను. ఈసారి పుస్తకం చూసే చెప్పాను కదా, ధైర్యంగానే చెప్పాను.

సాయంత్రం నాయన బ్యాంకు నుంచి తిరిగొచ్చి బస్సుకి ఇంకా టైముందని వరండాలో కూర్చున్నాడు. చిన్నది వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నాకు గుండె దడదడలాడింది. అది ఏం అడుగుతుందో, ఆయన తల మళ్ళీ ఎక్కడ వంగుతుందో అని వంటింటి గడప దగ్గరే నిలబడిపోయాను. అది ఆ ముంగారు ఊసే ఎత్తలేదు. “తాతా, ఈ ముంగారు ఏ కార్తెలో వాన పడితే నీ శెనక్కాయ బతుకుతాది?” అని అడిగింది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. మఖలో పడితే సగం, పుబ్బలో పడితే మేతకన్నా పనికొస్తాది, ఉత్తర దాకా పోతే ఇంక హింగారు చూసుకోవడమే. అది నోట్సు వెనక పేజీలో రాసుకుంది. వాటి ఎదురుగా తేదీలు కూడా అడిగి రాసుకుంది. ఆయన బస్సెక్కేటప్పుడు మొహం కొంచెం తేటగా ఉంది.

ఇప్పుడు అదే లెక్కపెట్టుకుని తాతకి ఫోన్లు చేస్తుంది. కార్తె మారిన రోజున నాకన్నా ముందే దానికి తెలుస్తుంది. ఇంగ్లీషులో డౌటు వస్తే మళ్ళీ నన్నే అడుగుతోంది. నేను మాత్రం దోసెపిండి తోడుకుంటూ జవాబు చెప్పడం మానేశాను. చూసి చెబుతానంటాను.

ఒక్క సంగతి నాకు బాగా అర్థమైంది. మా ఇళ్ళల్లో ‘ఆ’ అని చెప్పుకునే కాలాలన్నీ చెడ్డ కాలాలే. వాన చక్కగా పడి, పంట ఇంటికొచ్చి, పిల్లల ఫీజులు కట్టేసిన ముంగార్లు కూడా చాలానే వచ్చి ఉంటాయి. వాటికి పేరు లేదు, ‘ది’ లేదు. ఏ ఏడాదివో ఎవరికీ గుర్తు లేదు. ఈసారి శ్రావణంలో పూజ దగ్గర కూర్చున్నప్పుడు నేను అడిగేది అదొక్కటే. ఈ ముంగారు ఎవరికీ గుర్తు లేకుండా పోవాలి తల్లీ, అని.